సంతకం పెట్టాల్సినవాడే రావాలి

(మా ఫిల్మ్ క్లబ్‌లో తమిళ చిత్రం ‘సింగం’ ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. రెండున్నర గంటల సినిమా అయ్యాక ఇంకొకడు మైకు పట్టుకుంటే ఎవరికైనా ధ్యాస ఇంటి మీదికి పోతుంది. అయినా కూర్చున్నారు, సంతోషం. టీ వస్తోంది, తాగుతూ వినండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందు వరసల్లోకి రావచ్చు, ఖాళీలున్నాయి.

మీలో చాలామంది ఈ సినిమాను ‘యముడు’ పేరుతో టీవీలో ముక్కలు ముక్కలుగా చూసే ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని రిమోట్ పట్టుకుంటే సూర్య మీసమే కనిపించే రోజులుండేవి. ఇవాళ తమిళంలోనే మొదటి నుంచి చివరిదాకా చూశాం. 2010 మే 28న విడుదలైన సినిమా. దర్శకుడు హరి. సూర్యకు ఇది 25వ సినిమా. ఇద్దరూ కలిసి అంతకుముందే ‘ఆరు’, ‘వేల్’ చేశారు కానీ ఇంత ఊపు వాటికి రాలేదు.

ఇందులో మనకు పరాయివాళ్ళు తక్కువే. సంగీతం దేవిశ్రీ ప్రసాద్. హీరోయిన్ అనుష్క. ప్రకాశ్‌రాజ్ సంగతి చెప్పక్కర్లేదు, మన సినిమాల్లో సగం మంది హీరోయిన్లకు ఆయనే నాన్న. చివరి వేట కూడా మన నెల్లూరు వైపే సాగింది. అయినా ఇది నూటికి నూరుపాళ్ళు తమిళ సినిమా. ఇంకా చెప్పాలంటే తమిళనాడు దక్షిణపు కొసన ఉన్న తూత్తుకుడి, తిరునల్వేలి జిల్లాల సినిమా. హరిది ఆ ప్రాంతమే. ఉప్పుమడులు, తాటితోపులు ఉన్న నేల. అక్కడి నుంచి చెన్నై వెళ్ళి సరుకుల కొట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నవాళ్ళు లెక్కలేనంత మంది. చెన్నైలో ఏ వీధికి వెళ్ళినా ‘అణ్ణాచ్చి కొట్టు’ అంటే చూపిస్తారు. మన హీరో, ఎస్సై దురైసింగం ఇంట్లోదీ సరుకుల వ్యాపారమే. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ పోలీసాయన మాట్లాడే తీరులో ఒక దుకాణదారుడు ఉన్నాడు. తూకం తప్పనివ్వడు, అప్పు మర్చిపోడు.

హరి సినిమాలో కెమెరాకు కాలు నిలవదు. బండ్లు గాల్లోకి లేస్తాయి, మాట పూర్తికాకముందే షాట్ మారిపోతుంది, ఒక్క ఫ్రేములో పాతికమంది చుట్టాలు ఉంటారు. ఈ హడావిడి చూసి చాలామంది ఇది గోలసినిమా అని తీసిపారేస్తారు. గోల ఉంది, కాదనను. నేపథ్య సంగీతం కూడా కాస్త తగ్గించి ఉంటే మన చెవులకు మేలు జరిగేది. కానీ ఈ గోల మధ్యలో హరి ఒక సన్నివేశం రాసుకున్నాడు. నేను ఇవాళ ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది దాని గురించే.

చెన్నైలో మయిల్‌వాహనం, అంటే ప్రకాశ్‌రాజ్ వేసిన విలన్. డబ్బున్నవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోవడం, బెదిరించి వసూలు చేయడం వాడి వ్యాపారం. ఒక కేసులో వాడికి కండిషన్ బెయిల్ వచ్చింది. షరతు ఏమిటంటే, దురైసింగం ఎస్సైగా ఉన్న నల్లూరు స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి. చెన్నై నుంచి తూత్తుకుడి వైపు అంటే దాదాపు 600 కిలోమీటర్లు. ఒక పల్లెటూరి స్టేషన్‌లో సంతకానికి వాడెందుకు వస్తాడు? తన బదులు ఇంకొకణ్ణి పంపాడు. వాడు దర్జాగా వచ్చి మయిల్‌వాహనం పేరున సంతకం పెట్టబోయాడు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. రాయాల్సిన రిజిస్టరులో రాశారు, కోర్టుకు చూపించడానికి కాగితం ఉంది, ఎవడి ముఖం ఎవడికి గుర్తు?

ఇక్కడ ఎస్సై అడిగాడు. నువ్వు మయిల్‌వాహనం కాదు కదా, సంతకం పెట్టాల్సినవాడు ఏడీ?

ఈ సన్నివేశాన్ని ఇంకోసారి కళ్ళముందుకు తెచ్చుకోండి. దురైసింగం అక్కడ అడిగింది అసాధారణమైన విషయమేమీ కాదు. చట్టంలో ఉన్నదే అడిగాడు. బెయిల్ షరతు అంటే ముద్దాయి స్వయంగా హాజరు కావాలి. హాజరు కాకపోతే బెయిల్ రద్దు చేసే అధికారం కోర్టుది, ఎస్సైది కాదు. ఎస్సై చేయగలిగిందల్లా, ఈయన రాలేదండీ అని కోర్టుకు రాయడం. అంటే సినిమా మొత్తంలో హీరో చేతిలో ఉన్న ఆయుధాల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది. ఒక రిజిస్టరు, ఒక పెన్ను. కానీ మయిల్‌వాహనానికి ఒళ్ళు మండింది ఈ చిన్న ఆయుధం వల్లే. తర్వాత ఎన్ని దెబ్బలు తిన్నా ఇంత మండలేదు వాడికి. ఎందుకంటే తన్నులు తినడం వాడి వృత్తిలో మామూలే. మామూలు ముద్దాయిలాగా స్టేషన్‌కొచ్చి, ఎస్సై బల్లముందు నిలబడి, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేయడం మాత్రం వాడికి అలవాటు లేదు.

వాడొచ్చాడు. బండ్లతో, మనుషులతో, కోపంతో వచ్చాడు. ఊరంతా చూస్తుండగా సంతకం పెట్టాడు. ఇప్పుడు మన హాల్లో ఎక్కువగా నవ్వు వినిపించింది అక్కడే. గమనించారో లేదో, ఆ నవ్వు వివేక్ జోకులకు వచ్చిన నవ్వు కాదు. అంత పెద్దమనిషి, అంత కాన్వాయ్, ఆరువందల కిలోమీటర్ల ప్రయాణం, అంతా ఒక్క సంతకం కోసం. ఒక బడుద్ధాయి అహంకారం ఎంత ఖరీదైందో చూపించి నవ్వించాడు హరి. పాప్యులర్ సినిమాలో ఇంతకంటే మంచి పోలీసు కామెడీ నేను చూడలేదు.

‘ఓంగి అడిచ్చా ఒన్రై టన్ వెయిట్ డా’ అనే డైలాగు దేశమంతా తిరిగింది. చెయ్యెత్తి కొడితే టన్నున్నర బరువు. పిల్లలు స్కూళ్ళలో అన్నారు, పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళలో అన్నారు. ఆ డైలాగు తిరిగింది కానీ రిజిస్టరు సీను తిరగలేదు. అది మన అభిరుచి, హరి తప్పు కాదు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. భయమే లేని పోలీసు కథలో భయం ఎక్కడికి పోతుంది? సినిమా అన్నాక భయం ఎక్కడో ఒకచోట ఉండాలి. అది లేకపోతే ధైర్యం కనిపించదు. తమిళ సినిమా దీనికి ఒక పద్ధతి పెట్టుకుంది. హీరో పక్కన ఒక భయస్తుణ్ణి నిలబెడతారు. హీరో పడకూడని భయమంతా వాడు పడతాడు. సింగంలో ఆ డ్యూటీ వివేక్‌ది. పైకి కోతలు, లోపల వణుకు, తుపాకీ కంటే టిఫిను మీద శ్రద్ధ. వివేక్ చాలా తెలివైన నటుడు. మూఢనమ్మకాలను, లంచాలను ఎగతాళి చేస్తూ నవ్వించాడని అక్కడివాళ్ళు ఆయన్ని చిన్న కలైవాణర్ అని పిలుచుకున్నారు; కలైవాణర్ అంటే పాతతరం హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్. 2021 ఏప్రిల్‌లో పోయాడు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, సింగంలో ఆయన కామెడీ ఆయన స్థాయిలో లేదు. కొన్ని జోకులు అప్పటికే వాసన వస్తున్నాయి. కానీ ఆయన ఉండడం అవసరం. ఆయన వణికితేనే సూర్య వణకడం లేదని మనకు తెలుస్తుంది.

మరి హీరో ఒక్కసారి కూడా భయపడలేదా అంటే, పడ్డాడు. అదే ఈ సినిమాలో నాకు నచ్చిన రెండో విషయం. మయిల్‌వాహనం తన పలుకుబడి ఉపయోగించి దురైసింగాన్ని చెన్నైకి, తిరువాన్మియూర్ స్టేషన్‌కు బదిలీ చేయిస్తాడు. మన పోలీసులనడగండి, బదిలీ కంటే పెద్ద దెబ్బ లేదంటారు. సొంత ఊళ్ళో ఆయన వెనక జనం ఉన్నారు, గుడి ఉంది, నాన్న ఉన్నాడు. చెన్నైలో ఎవరూ లేరు. పైఅధికారే విలన్ మనిషి. అక్కడ మన సింగం వెనక్కి, ఊరికి వెళ్ళిపోవాలనుకుంటాడు. హీరోయిన్ కావ్య ఆపి ధైర్యం చెబుతుంది. ఈ ఘట్టాన్ని హరి త్వరగా దాటేశాడు, ఇంకొంచెం నిలబడి ఉంటే బాగుండేది. ధైర్యం మనిషి ఛాతీలో ఎంతుందో, చుట్టూ నిలబడ్డ జనంలో కూడా అంతే ఉందని ఆ ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ భయంలేని పోలీసు పాత్ర హరితో మొదలవలేదు. 1974లో ‘తంగప్పదక్కం’లో శివాజీ గణేశన్ వేసిన పోలీసు అధికారి ముఖంలో నవ్వే ఉండదు. కన్నకొడుకునైనా చట్టం ముందు నిలబెట్టే తండ్రి. 1982లో ‘మూన్రు ముగం’లో రజనీకాంత్ అలెక్స్ పాండియన్‌గా కనిపించేది కొంచెంసేపే, కానీ ఈరోజుకీ తమిళనాడులో పోలీసు పాత్ర అంటే మొదట ఆ పేరే చెబుతారు. అందులో స్టైలుంది. శివాజీ బిగుతును రజనీ వదులు చేశాడు.

తర్వాత 2003. అదొక విచిత్రమైన సంవత్సరం. మే నెలలో హరి ‘సామి’, ఆగస్టులో గౌతమ్ మేనన్ ‘కాక్క కాక్క’. మూడు నెలల తేడాతో రెండు పోలీసు సినిమాలు, రెండూ హిట్టు, రెంటిలో ఒకదాని గాలి ఇంకొకదానికి తగలదు. కాక్క కాక్కలో పోలీసు సూర్యే. నవ్వడు, తక్కువ మాట్లాడతాడు, ఇంగ్లీషు పాట వినేవాడిలా ఉంటాడు. మనకు అది వెంకటేశ్ ‘ఘర్షణ’గా వచ్చింది. అదే సూర్య ఏడేళ్ళ తర్వాత సింగంలో మీసం మెలేసి, పంచె కట్టి, తొడగొట్టేంత పని చేశాడు. ఒకే నటుడు రెండు రకాల ఖాకీకి ఎలా సరిపోయాడో చూడాలంటే ఈ రెండూ వెంటవెంటనే చూడండి.

సామి గురించి రెండు మాటలు చెప్పకుండా వెళ్ళలేను, ఎందుకంటే అందులో మన కోట శ్రీనివాసరావు గారున్నారు. తమిళంలో ఆయన మొదటి సినిమా అదే. తిరునల్వేలిని గుప్పిట్లో పెట్టుకున్న పెరుమాళ్ పిచ్చై పాత్ర. విక్రమ్ వేసిన పోలీసు మొదట ఆయనతో బేరం కుదుర్చుకుంటాడు. లంచం తీసుకుంటాడు. ప్రేక్షకుడికి అయోమయం, ఇతను మంచివాడా, కాదా అని. కోట గారు ఆ పాత్రలో అరవరు. మెల్లగా మాట్లాడతారు, పక్కింటి పెద్దాయనలాగా. ఆయన ఎంత తాపీగా ఉంటే మనకు అంత టెన్షన్. దానిని తెలుగులో బాలకృష్ణ ‘లక్ష్మీ నరసింహా’గా చేశారు, 2004 సంక్రాంతికి. కోట గారు పోయినేడు, 2025 జూలైలో, వెళ్ళిపోయారు. తమిళ పత్రికలు నివాళి రాస్తూ పెరుమాళ్ పిచ్చైనే తలుచుకున్నాయంటే ఆశ్చర్యం లేదు.

(సభలో ఒకరు: పోయినేడు కాదు, ఇంకా నిన్నామొన్నలాగే ఉందండీ.) అవును, నాకూ అంతే.

సింగం తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2011లో హిందీలో అజయ్ దేవగణ్, అక్కడా విలన్ మన ప్రకాశ్‌రాజే. అదే ఏడాది కన్నడంలో సుదీప్ ‘కెంపేగౌడ’. అందులో విలన్ పి. రవిశంకర్, మన సాయికుమార్ తమ్ముడు. అప్పటిదాకా గొంతుగానే తెలిసిన మనిషి ఆ ఒక్క సినిమాతో కన్నడనాట ముఖంగా నిలబడిపోయాడు. బెంగాలీలో కూడా తీశారు. ఎక్కడికి వెళ్ళినా ఊరు మారింది, మీసం మారింది, రిజిస్టరు మాత్రం ఉంది. దొరగారు వచ్చి సంతకం పెట్టాల్సిందే.

ముగింపు మాత్రం అన్నిచోట్లా ఒకలా లేదు. తమిళంలో హీరో తరిమి తరిమి కాల్చేస్తాడు. హిందీలో పోలీసులంతా కలిసి విలన్‌ను చంపి, దాన్ని ఇంకోలా చూపిస్తారు. రెండుచోట్లా మనం చప్పట్లు కొట్టాం. ఇందాక కూడా కొట్టారు, నేను విన్నాను. నా చేతులూ ఊరుకోలేదు.

ఇక్కడే నాకు ఈ సినిమాతో పేచీ. ఇంటర్వెల్‌కు ముందు సంతకం కోసం పట్టుబట్టిన మనిషి, చివరికి వచ్చేసరికి కాగితమే అక్కర్లేదంటాడు. మొదటి సగంలో వాడి బలమంతా చట్టం వాడికిచ్చినది. రెండో సగంలో చట్టం అడ్డమొస్తున్న గోడ. కథ ఈ మలుపును దాచిపెట్టదు కూడా, పైగా పండగ చేస్తుంది. 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల మీద పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, వేరే స్టేషన్ వాళ్ళో సీఐడీయో దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. ఇంకో మాట కూడా ఉంది అందులో. ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే అందులో పాల్గొన్నవాళ్ళకు ప్రమోషన్లు, శౌర్య పురస్కారాలు ఇవ్వకూడదు. ఈ ఒక్క వాక్యం పాటిస్తే మన దేశంలో పోలీసు సినిమాల చివరి రీళ్ళు సగం కత్తిరించాలి.

మనం తెలుగువాళ్ళం, ఈ మాట అనగానే మనకు 2019 డిసెంబరు గుర్తుకు రావాలి. హైదరాబాద్ శివార్లలో ఒక ఘోరం జరిగింది, నలుగుర్ని పట్టుకున్నారు, డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురూ చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ జనంలో చెడ్డవాళ్ళెవరూ లేరు, కడుపుమండిన మామూలు మనుషులు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది, పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదని. ఆ నివేదిక ఎంతమంది చదివారు? పూలు చల్లిన వీడియో ఎంతమంది చూశారు? 2023లో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ గౌతమ్ పటేల్ ఒక సభలో హిందీ సింగం పేరెత్తి మరీ, ఈ తరహా సినిమాలు ప్రమాదకరమైన సందేశం ఇస్తున్నాయన్నారు. ఆయనన్న మాటలో కొంత అన్యాయం ఉందని నేను అనుకుంటున్నాను. పూలు చల్లినవాళ్ళు సినిమా చూసి చల్లలేదు, కోర్టుల్లో వాయిదాలు చూసి చల్లారు. కానీ ఆ దృశ్యం వాళ్ళకు అంత పరిచయంగా అనిపించడానికి మాత్రం సినిమాలే కారణం.

2020 జూన్. లాక్‌డౌన్ రోజులు. సాత్తాన్‌కుళం. ఇది ఎక్కడుందో చెప్పనా? తూత్తుకుడి జిల్లా. మన దురైసింగం జిల్లా. సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే తండ్రీ కొడుకుల్ని, వేళ దాటి కొట్టు తెరిచారని జూన్ 19న స్టేషన్‌కు తీసుకెళ్ళారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఇద్దరూ చనిపోయారు. స్టేషన్‌లో పెట్టిన హింస గురించి బయటికి వచ్చిన సంగతులు నేను ఇక్కడ చెప్పను, పిల్లలున్నారు. మద్రాసు హైకోర్టు మదురై బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. తర్వాత అది సీబీఐకి వెళ్ళింది.

ఆ వారంలోనే హరి ఒక ప్రకటన ఇచ్చాడు. పోలీసు శాఖను గొప్పగా చూపిస్తూ ఐదు సినిమాలు తీసినందుకు ఇవాళ చాలా బాధపడుతున్నానని. రెండు సామిలు, మూడు సింగాలు. తను పుట్టిపెరిగిన నేల మీద, తను కథలు పెట్టిన జిల్లాలో జరిగింది ఇది. అలా అన్నందుకు అతన్ని మెచ్చుకున్నవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. సినిమా తీసి సొమ్ము చేసుకున్నాక ఈ బాధేమిటని. నాకైతే తెలుగులో గానీ తమిళంలో గానీ ఒక కమర్షియల్ దర్శకుడు తన హిట్ల గురించి ఇంత స్పష్టంగా మాట్లాడడం ఇంకెక్కడా గుర్తులేదు.

ఆ కేసులోనే ఇంకొక సంగతి. హైకోర్టు పంపితే విచారణకు మేజిస్ట్రేట్ ఆ స్టేషన్‌కు వెళ్ళారు. అక్కడ పోలీసులు ఆయనకు సహకరించలేదు, సరికదా బెదిరించినట్టు ప్రవర్తించారు. అదే స్టేషన్‌లో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ మాత్రం ఆ రాత్రి తాను చూసింది చెప్పారు. చెప్పింది రాశారు. సంతకం పెట్టమన్నారు. ఆవిడ జంకారు. బయట నిలబడ్డది ఆవిడతో రోజూ డ్యూటీ చేసేవాళ్ళే. చాలాసేపు నచ్చజెప్పాక, రక్షణ ఇస్తామన్నాక, పెట్టారు.

పోలీసు, స్టేషను, ఒక సంతకం. ఇంతే కదా మన సినిమాలో ఉన్నది కూడా. ఆవిడ పక్కన వణకడానికి వివేక్ లేడు. వణుకూ ఆవిడదే, సంతకమూ ఆవిడదే. నిర్భయుడైన పోలీసు అనే మాట ఎవరైనా అంటే నాకిప్పుడు మీసం గుర్తుకు రావడం మానేసింది.

సరే, నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: అయితే ఇలాంటి సినిమాలు చూడొద్దంటారా?)

అబ్బే, అలా అంటే ఇవాళ నేనే వేయించేవాణ్ణి కాదు కదండీ. చూడండి. నాకు సింగం ఇష్టం. సింగం 2, 3 అంత ఇష్టం లేదు, వాటిలో దురైసింగం సముద్రాలు దాటిపోయాడు, రిజిస్టరు పోయింది, జెట్ స్పీడు మిగిలింది. కానీ ఈ మొదటిది ఇంకో పాతిక సార్లయినా చూస్తాను.

(ప్రశ్న: మన ‘విక్రమార్కుడు’ తమిళంలో కార్తి చేశాడు కదా, అందులో పోలీసు కూడా భయం లేనివాడే, నవ్వు కూడా ఉంది. దాని గురించి చెప్పండి.)

మంచి ప్రశ్న. ‘సిరుత్తై’. 2011 సంక్రాంతికి వచ్చింది, సింగం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నిర్మాత కూడా ఒకరే, జ్ఞానవేల్ రాజా. అంటే అన్నకు సింహం, తమ్ముడికి చిరుత. దర్శకుడు శివ, అప్పటికి మనకు గోపీచంద్ ‘శౌర్యం’ తీసి ఉన్నాడు. సిరుత్తై ఎంత ఆడిందంటే అక్కడ ఆయన ఇంటిపేరే సిరుత్తై శివ అయిపోయింది.

ఇందాక భయం ఎక్కడికి పోతుందని అడిగాను కదా. విజయేంద్రప్రసాద్ గారి కథలో దానికి ఇంకా తెలివైన జవాబుంది. భయాన్ని పక్కవాడికి ఇవ్వలేదు, అదే ముఖమున్న ఇంకో మనిషికి ఇచ్చారు. ఒక రవితేజ దొంగ, నవ్విస్తాడు, దొరక్కుండా పారిపోతాడు. ఇంకో రవితేజ పోలీసు, నవ్వడు, పారిపోడు. పెట్టెలో ఏదో సొత్తుందని దొంగ ఎత్తుకొస్తే అందులోంచి ఒక చిన్నపాప లేచి నాన్నా అంటుంది. ఆ పిలుపు దగ్గర్నుంచి కామెడీ మెల్లగా బరువెక్కుతుంది. పోలీసు చనిపోయాక దొంగే ఆ ఖాకీ తొడుక్కుని విలన్ల మధ్యకు వెళతాడు. భయం తెలిసినవాడు వేసుకున్న యూనిఫామ్ అది. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం. సొంత భార్యను గూండాలు ఎత్తుకుపోతే ఏమీ చేయలేక నిలబడ్డ ఇన్‌స్పెక్టర్‌గా రాజీవ్ కనకాల గుర్తున్నాడా? ఖాకీ వేసుకున్న మనిషి అంత నిస్సహాయంగా నిలబడడం మన మాస్ సినిమాల్లో అరుదు.

(ప్రశ్న: రవితేజా, కార్తియా?)

ఇది అడుగుతారని తెలుసు! దొంగ పాత్రకు రవితేజ, అందులో వాదన లేదు. ఆ ‘జింతాత’ ఇంకొకరి వల్ల కాదు. పోలీసు పాత్రకు నా ఓటు కార్తికి, కొంచెం తేడాతో. తిట్టకండి.

కార్తి పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆయనే 2017లో హెచ్. వినోద్ దర్శకత్వంలో ‘తీరన్ అధికారం ఒన్రు’ చేశాడు. మనకు ‘ఖాకీ’. హైవేల పక్కన ఇళ్ళ మీద పడి దోచుకునే బవారియా ముఠాను తమిళనాడు పోలీసులు పట్టుకున్న అసలు కేసు నుంచి తీశారు. వేలిముద్రలు పట్టుకుని రాష్ట్రాలు తిరుగుతారు, పైనుంచి స్పందన రాదు, ఒక రాజకీయ నాయకుడు హత్యకు గురయ్యాక గానీ ప్రభుత్వం కదలదు. అందులో పోలీసు అలిసిపోతాడు. ఇంట్లో భార్యకు ఏమవుతుందోనని భయపడతాడు, భయపడ్డట్టే జరుగుతుంది. నవ్వు తక్కువ. ఆ రాత్రి బస్సు మీద దాడి సీను మాత్రం పెద్ద తెర మీద చూడాల్సిందే. క్లబ్బువాళ్ళు వచ్చే నెల వేస్తామంటే నేను మైకు పట్టుకోను, మీతోపాటు కింద కూర్చుంటాను. ప్రొజెక్టర్ దగ్గర మాత్రం సౌండు కాస్త తగ్గించమని ఇప్పుడే చెప్పి పెడుతున్నాను.